ఐసు అరలో పెట్టిన మందు

తమ్ముడి సంచి నేనే సర్దాను. మూడు జతల బట్టలు, వెల్డింగు చేసేటప్పుడు తొడుక్కునే తోలు చేతితొడుగులు, తువ్వాలు, రక్తంలో చక్కెర చూసుకునే మిషను. అన్నిటికన్నా పైన, గుడ్డలో చుట్టి, రెండు ఇన్సులిన్ సీసాలు.

"ఇంకేమైనా మిగిలిందా? ఇల్లు కూడా పెట్టెయ్యి అక్కా, మోసుకుపోతాను" అన్నాడు.

"నోరు మూసుకుని బూట్లు తొడుక్కోరా" అన్నాను. వాడు వంతెన పనికి మూడు నెలలు వెళ్తున్నాడు. ఎవరు గడప దాటుతున్నా నాకు కాళ్లూ చేతులూ ఆడవు.

జబ్బు ఆ ఏడాదే బయటపడింది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు, గంటకోసారి ఒంటికి లేచేవాడు, బాగా తింటూనే చిక్కిపోయాడు. తోటి పనివాళ్లు "పుల్ల" అని పేరు పెట్టారు. నాకు అప్పటికే షుగరు ఉంది. "నా మాత్రలే మింగరా" అన్నాను. అది విని క్లినిక్‌లో నర్సమ్మ నవ్వింది.

"మీది వేరు, ఆయనది వేరమ్మా. మీ ఒంట్లో ఇన్సులిన్ ఉంది, కానీ ఒళ్లు దాని మాట వినడం లేదు. అందుకే మాత్రలు, నడక, తిండిలో జాగ్రత్త. ఆయన ఒంట్లో అది తయారే కావడం లేదు. సూది మానితే ప్రాణం మీదికి వస్తుంది. మందు మాత్రం చల్లగా ఉంచండి."

వరుసలో కూర్చున్నవాళ్లంతా నావైపు చూశారు. నేను పుస్తకాల బైండింగులో కాగితాలు మడతపెడుతూ, వాటి మీదే అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఇంట్లో మందుల కాగితాలన్నీ నేనే చదివి చెప్పేదాన్ని. తమ్ముడు "డాక్టరమ్మా" అని ఏడిపించేవాడు గానీ నా మాట దాటేవాడు కాదు. ఎంత చల్లగా ఉంచాలని అడిగితే నర్సమ్మ మళ్లీ నవ్వుతుందేమోనని అడగలేదు.

ప్రయాణం ముందురోజు కొత్త సీసాలను ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టాను. పొద్దున తీస్తే రాళ్లలా ఉన్నాయి. దారిలో ఎలాగూ కరుగుతాయిలే అనుకున్నాను.

ఆ సోమవారం వాణ్ని రైలెక్కించి వచ్చి, ఖాళీ అట్టపెట్టెలు పారేయబోతే మందుతో వచ్చిన కాగితం కనబడింది. సన్నటి అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. మందు గడ్డకడితే పనిచేయదని, కరిగాక మామూలుగా కనబడినా వాడకూడదని ఉంది.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పాలి? నర్సమ్మ నవ్వు గుర్తొచ్చింది. ఒక్క రాత్రికి ఏం పాడవుతుందిలే అని ఫోను పక్కన పెట్టేశాను.

మర్నాడు సాయంత్రం వాడే చేశాడు.

"అక్కా, దాహం ఆగట్లేదు. కడుపులో తిప్పుతోంది. మిషన్లో అంకె కూడా రావట్లేదు, హై అని చూపిస్తోంది. సూది మాత్రం వేళకే వేసుకుంటున్నా."

"ఎండలో పెట్టి మిషను పాడుచేసుంటావు" అన్నాను.

"అంతేనంటావా? మందు కాగితంలో ఏమైనా రాశారా, డాక్టరమ్మా?"

"ఏమీ రాయలేదు. నీళ్లు తాగి పడుకో."

"సరేలే" అన్నాడు. నన్ను నమ్మాడు.

బుధవారం పొద్దున ఉండబట్టలేక ఫోను చేశాను. మేస్త్రీ ఎత్తాడు.

"ఒకటే వాంతులమ్మా. ఆయాసంతో ఎగరొప్పుతున్నాడు, పిలిస్తే సరిగ్గా పలకడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

"ఆ మందు పనికిరాదు బాబూ. గడ్డకట్టింది. కొత్తది ఎక్కించమని డాక్టరుకి చెప్పు."

"ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఇప్పుడే" అన్నాను.

అమ్మ, "వేళకి సూది వేసుకుని ఉండడు, మొండివెధవ" అని వాణ్నే తిట్టుకుంటూ ఏడ్చింది. తను చనిపోయేదాకా అదే మాట అంది. పక్కనే కూర్చుని విన్నాను గానీ, కాదని ఒక్కసారి కూడా అనలేకపోయాను.

తమ్ముడు తిరిగి రాలేదు. పదిహేడేళ్ల కిందట, గురువారం, పొద్దున తొమ్మిదింపావుకి ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి వాడికి ముప్పై ఒక్కేళ్లు.