ఎదురింటి తాళంచెవి

"కళ్ళజోడు!" అని ముందుగదిలోంచి కేక వినపడగానే ఆవిడ టీ వడకడుతున్న చెయ్యి ఆపి, కిటికీ గూట్లోంచి కళ్ళజోడు తీసుకెళ్ళి ఆయన చాచిన చేతిలో పెట్టి వచ్చింది. చెయ్యి చాచినాయన తలెత్తలేదు. ఇచ్చినావిడ ఆగలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ ఇల్లు అలాగే నడుస్తోంది. తువ్వాలు, పెన్ను, మందుబిళ్ళ, గొడుగు, ఏదైనా సరే, ఆయన దాని పేరు కేకేస్తే చాలు, అది ఆయన చేతిలోకి వచ్చేస్తుంది. ఎప్పుడో ఒక చుట్టం ఇది చూసి ముచ్చటపడితే ఆయన నవ్వి, "మా ఇంట్లో వస్తువులకి కాళ్ళుంటాయండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ కాళ్ళు తనవేనని అప్పట్లో తోచలేదు.

ఆయన లెక్కల మాస్టారు. కాబట్టి ఎవరికీ ఒక్క అక్షరం చెప్పకపోయినా ఆవిడ మాస్టారమ్మ.

ముందుగదిలో జరుగుతున్నది ఏడో సమావేశం. వీధికి ఈ పక్కవాళ్ళూ ఆ పక్కవాళ్ళూ కొట్టుకుని నాలుగు నెలలైంది. బస్సు ఆగేచోట ఎవరి బండి ముందు నిలబడాలన్న తగువు. మొదటిరోజు మాటలు, రెండోరోజు రాళ్ళు, మూడోరోజు నిప్పు. ఆ పక్క పదకొండు ఇళ్ళు, ఈ పక్క నాలుగు కొట్లు కాలిపోయాయి. దెబ్బలతో ఆసుపత్రికి వెళ్ళిన ఒక ముసలాయన తిరిగి రాలేదు. ఇప్పుడు అటు నలుగురు, ఇటు నలుగురు పెద్దమనుషులు కలిసి రాజీ కాగితం రాసుకుంటున్నారు. దానిమీద కాలిన ఇళ్ళవాళ్ళందరూ సంతకం పెడితే పైఅధికారులు సిమెంటూ పైకప్పు రేకులూ ఇస్తారు. సంతకాలు కాకపోతే సగం లేచిన గోడలు అలాగే వానకి నానుతాయి.

కాలిన గోడల మసి గీకింది మాత్రం ఆడవాళ్ళు. రెండు పక్కలవాళ్ళూ ఆరు వారాలపాటు మూతికి గుడ్డ కట్టుకుని గీకారు. మొదటి రెండురోజులు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు బకెట్టు అడగడానికి మాట్లాడక తప్పలేదు. నాలుగోరోజు ఎవరి ముఖం ఎక్కువ నల్లబడిందో చూసుకుని నవ్వుకున్నారు. కాగితంలో ఇదంతా "ఉభయపక్షాల సహకారంతో" అన్న రెండు ముక్కల్లో ఇమిడిపోయింది.

మాస్టారమ్మ టీ గ్లాసులు పళ్ళెంలో సర్దుతుంటే ఆయన గొంతు గంభీరంగా వినిపించింది. "పదకొండవ ఇల్లు. కుట్టుపని చేసుకొను స్త్రీ నివాసము. గుర్తుతెలియని బయటివారు తాళము పగులగొట్టి లోనికి ప్రవేశించి..."

గ్లాసులో టీ ఒలికి వేలు కాలింది. వేలు చన్నీళ్ళలో ముంచి ఆవిడ వంటింటి గుమ్మం పక్కనున్న మేకు వైపు చూసింది. ఖాళీ మేకు.

ఇరవై ఏళ్ళు ఆ మేకుకి ఎదురింటి తాళంచెవి వేలాడింది. ఎదురింట్లో కుట్టు వదిన ఒక్కతే ఉండేది. తోడు రెండు మిషన్లు. ఊరికెళ్ళినా, ఆసుపత్రికెళ్ళినా వీధి దాటి వచ్చి తాళంచెవి ఈవిడ చేతిలో పెట్టేది. ఆ వీధి అలవాటే అంత. ఇంటివాళ్ళు లేనప్పుడు తాళంచెవి ఎదురింట్లో ఉంటుంది. అటువాళ్ళది ఇటు, ఇటువాళ్ళది అటు. రాళ్ళు పడిన రోజు సాయంత్రం వదిన ఒక్క సంచీతో వచ్చి నిలబడింది. అక్క ఇంటికి వెళ్తున్నానంది. "మొక్కలకి కాసిని నీళ్ళు పొయ్యి వదినా. ఆ ఎర్రపూల మొక్క చచ్చిపోతే నీతో మాట్లాడను" అని నవ్వబోయి నవ్వలేక వెళ్ళిపోయింది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. ఆ తిరగడం మాస్టారమ్మ కళ్ళలోంచి ఇంకా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరో ముగ్గురు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. "ఎదురింటి తాళంచెవి ఇలా తే" అని కేక వినిపించింది. తువ్వాలు తెమ్మన్నట్టే, కళ్ళజోడు తెమ్మన్నట్టే. ఆవిడ మేకు మీంచి తీసింది. చేతికి తడి ఉంది కదా అని తాళంచెవిని పొడిగుడ్డతో తుడిచింది. తీసుకెళ్ళి చాచిన చేతిలో పెట్టింది. వెనక్కి వచ్చి పొయ్యి మంట తగ్గించింది. ఎందుకని అడగలేదు. అడగాలని తట్టలేదు. ఆ తట్టకపోవడమే ఆవిడకి ఇప్పటికీ అంతుచిక్కని విషయం.

అరగంటకి పొగ వచ్చింది. ఇంకో గంటకి తాళంచెవి మళ్ళీ మేకుకి వేలాడుతోంది. వస్తువు తీసినచోటే పెట్టాలన్నది ఆయన నియమం.

ఆ వారంలో ఒక్కసారి అడిగింది. "ఏమండీ, ఎందుకిచ్చారు?"

"లోపల ఎవరైనా దాక్కున్నారేమో చూసి వస్తామన్నారు. కాదంటే మన తలుపు బద్దలుకొట్టేవాళ్ళు." తర్వాత పేపరు తిప్పుతూ ఆయన అన్నాడు. "అయినా నన్నంటావేమిటి? తీసిచ్చింది నువ్వేగా."

ఆ మాటతో ఆవిడ నోరు నాలుగు నెలలు మూతపడింది. ఆ రోజు చీకటి పడేవేళ ఎదురింటి బూడిదలో వెతికి తాళంకప్ప తెచ్చుకుంది. మసి పట్టింది తప్ప ఎక్కడా వంగలేదు, విరగలేదు. దాన్నీ తాళంచెవినీ గుడ్డలో చుట్టి పప్పుడబ్బాలో దాచింది.

"ఏంటి వదినా, మేకుతో మాట్లాడుతున్నావా?"

పెరటి గుమ్మంలో కుట్టు వదిన. సంతకం పెట్టడానికి వచ్చింది. చొరవగా లోపలికి వచ్చి తొట్టి దగ్గర ఖాళీ గ్లాసులు కడగడం మొదలుపెట్టింది. "ఎనిమిదిమంది మగాళ్ళు, పదహారు గ్లాసులు! ఒక్కొక్కరూ రెండు నోళ్ళతో తాగుతారా ఏంటి?"

"ఒక నోరు తాగడానికి, ఒక నోరు తీర్మానానికి" అంది మాస్టారమ్మ అలవాటుగా.

వదిన పకపకా నవ్వింది. చేతులు తుడుచుకుని రవికలోంచి మెరుస్తున్న కొత్త తాళంచెవి తీసింది. "గోడలు సగమే లేచినా తలుపు బిగించారు. తాళం కొన్నాను. అందరూ మళ్ళీ అక్కడికే ఎందుకెళ్తావంటున్నారు. మా వదిన ఎదురుగా ఉంటుంది, నాకేం భయమన్నాను. ఇదిగో, నీ మేకు ఖాళీగా పెట్టకు."

తాళంచెవి గాల్లోనే ఉంది. మాస్టారమ్మ చెయ్యి లేవలేదు.

ఊరుకుంటే వదిన తిరిగి వస్తుంది. సాయంత్రాలు అరుగు మీద కబుర్లుంటాయి. చెబితే ఉండవు. ఈసారి మలుపు దగ్గర వెనక్కి కూడా తిరగదు. ఇంత తెలిసీ ఆవిడ పప్పుడబ్బా దించి, గుడ్డ విప్పి, నల్లటి తాళంకప్పనీ పాత తాళంచెవినీ గట్టు మీద పెట్టింది.

"ఎవరూ పగలగొట్టలేదు వదినా. ఆయన అడిగారు. నేనే తీసిచ్చాను."

వదిన తాళంకప్ప చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. తాళంచెవి పెట్టి తిప్పింది. కాస్త మొరాయించి తెరుచుకుంది.

"ఎందుకని అడగలేదా?"

"లేదు."

"కేకెయ్యగానే తెచ్చిచ్చావా?"

"తడిగా ఉందని తుడిచి మరీ ఇచ్చాను."

వదిన కొత్త తాళంచెవి మళ్ళీ రవికలో దోపుకుంది. "వస్తానండీ, మాస్టారమ్మగారూ" అంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి వదినా అనలేదు. పెరట్లోంచి చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోకి వెళ్ళి, సంతకాలకి వచ్చినవాళ్ళ పక్కన నిలబడింది. పాత తాళాన్ని గట్టు మీదే వదిలేసింది.

"ఇక్కడమ్మా, ఈ గీత మీద పెట్టు" అని ఆయన వదినకి చోటు చూపించబోయి, అక్షరాలు ఆనక లోపలికి కేకేశాడు. "కళ్ళజోడు!"

ఇందాక ఖాళీ గ్లాసులతో పాటు ఆవిడే తిరిగి తెచ్చిన కళ్ళజోడు గూట్లోనే ఉంది. ఆవిడ గూటి వైపు చూసింది. కాళ్ళు తమంతట తామే అటు కదిలాయి. వాటిని ఆపి, గట్టు మీది తాళంకప్ప తీసుకుంది.

చాచిన చేతిలో బరువు పడగానే ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన తలెత్తాడు.

"ఇదేంటి?" అన్నాడు అటుపక్క పెద్దమనిషి.

"పదకొండో ఇంటి తాళం. పగల్లేదు, చూడండి. ఆ వాక్యం కొట్టేయండి." మాస్టారమ్మ వదిన ముఖం వైపు చూడాలనిపించినా చూడలేదు. కాగితం వైపే చూసింది.

"తాళంచెవి మా ఇంట్లోది. అడిగింది ఈయన, ఇచ్చింది నేను. రెండూ రాయండి."