ఏడో తల

పెయింటరు జీవితంలో నమ్మి చెడింది ఎవరినయ్యా అంటే, కొమ్ముల బావని. బావంటే సొంత అక్క మొగుడే. వారం వారం అద్దె షెడ్డులో ప్రార్థనలు పెట్టి, బైబిలు చివరి ప్రకటన గ్రంథంలోని మృగానికి ఏ కొమ్ము ఏ రాజో కర్రతో చూపించి చెప్తాడు గనక జనం పెట్టిన పేరది. పెయింటరు ఆరో క్లాసులో బడి ఎగ్గొట్టి బ్రష్షు పట్టినవాడు. చదువు అబ్బలేదు గానీ, పదిహేను అడుగుల బొమ్మ పన్నెండు అడుగుల బట్టలో పట్టదని తెలిసేంత లెక్క వచ్చు.

షెడ్డులో కట్టడానికి మృగం బొమ్మ వేసిపెట్టమన్నప్పుడు ఆ మాటే బావతో అన్నాడు. సముద్రంలోంచి లేచే మృగం, ఏడు తలలు, పది కొమ్ములు, పదిహేను అడుగులన్నా కావాలని. బావ పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. పన్నెండు అడుగులే తెచ్చి, సర్దెయ్యవోయ్ అన్నాడు. పెయింటరు బోర్డులు రాసే అలవాటు కొద్దీ ఎడమ పక్క తోకతో మొదలెట్టాడు. ఒళ్ళు కుదిరింది. కొమ్ములు పదీ ఎక్కాయి. ఆరు తలలయ్యేసరికి బట్ట అయిపోయింది. పోన్లే, ఏడోది మెడల చాటున ఉందనుకుంటారు, అని టర్పెంటైన్‌తో చేతులు తుడుచుకున్నాడు.

ఆదివారం బావ కర్రతో లెక్కపెడుతూ వచ్చాడు. ఆరు దగ్గర కర్ర ఆగింది. వెనక బెంచీలో పెయింటరు, పరువు గంగలో కలిసిందనుకుని తల దించుకున్నాడు. బావ కర్ర దించి జనం వైపు తిరిగాడు.

"ఏడో తల ఎందుకు కనపడ్డం లేదు? ఇంకా దాని ఘడియ రాలేదు గనక."

షెడ్డంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ తల బయటపడ్డ రోజునే అంతం మొదలనీ, ఆ రోజున ఎవరికున్నది వాళ్ళు తను కట్టబోయే మందిరానికి అప్పజెప్పెయ్యాలనీ బావ తేల్చాడు. ముందు వరసలో అక్క కళ్ళొత్తుకుంటోంది.

పెయింటరుకి తన స్థలం గుర్తొచ్చింది. తండ్రి పోతూ ఒక ఖాళీ స్థలం అక్క పేర రాసి, సగం తమ్ముడిదే, వాడి చేతికిస్తే తాగేస్తాడు అన్నాడు. తాగుడు మానేసి పదకొండేళ్ళయింది. ఆ సగంలో సొంత షెడ్డు వేసుకుందామని రేకులు కూడా బేరమాడి ఉన్నాడు. పరుగున వెళ్ళి, బట్ట చాలలేదక్కా, ఇందులో మర్మం ఏదీ లేదని మొత్తుకున్నాడు. బావ నవ్వాడు.

"దానియేలు ప్రవక్తంతటి వాడికే తను చూసిన దర్శనం అర్థం కాలేదోయ్. బొమ్మ వేసిన నీకేం తెలుస్తుంది?"

"పోనీ, ప్రకటన రాసిందెవరు బావా?"

"యోహాను."

"ఏ యోహాను?"

యేసు శిష్యుడైన అపొస్తలుడని కొందరు, అదే పేరున్న మరొకడని కొందరు, పండితులకే తెగలేదని బావ ఒప్పుకున్నాడు.

"రాసినవాడెవడో తేలలేదు గానీ, అర్థం మాత్రం నీకు తేలిపోయిందా?"

అక్క మధ్యలోకొచ్చింది. "తగువెందుకురా? ఆ తల కనపడ్డ రోజు చూద్దాం. అప్పటిదాకా నీ సగం ఎక్కడికీ పోదు."

అంతటితో నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ తన చేత్తో వేసినదానికి ఇంకొకడు అర్థం చెప్తుంటే ఒళ్ళు మండే మనిషి. శనివారం మధ్యాహ్నం, షెడ్డు తాళంచెవి అక్కింట్లో మేకుకే వేలాడుతుంటే తీసుకుని, సొంత డబ్బుతో కొన్న మూడడుగుల బట్ట అంచుకి కుట్టి ఏడో తల వేశాడు. కొమ్ములన్నీ ముందే పంచేశాడు గనక అది బోడి తల. అయినా ఏడింటిలో అదే బాగా వచ్చింది. కింద బోర్డు అక్షరాల్లో రాశాడు: ఈ తల వేసింది పెయింటరు. మొన్న బట్ట చాలక వెయ్యలేదు.

మర్నాడు తలుపు తియ్యగానే ముందొచ్చినవాళ్ళు మోకాళ్ళ మీద పడ్డారు. చదవండయ్యా అంటూ పెయింటరు కింది రాత చూపించాడు. బావ దాన్ని అక్షరం మింగకుండా రెండుసార్లు పైకి చదివాడు. తర్వాత బావమరిది భుజం మీద చెయ్యేశాడు.

"దేవుడు ఒక్కోసారి ఇలాంటి వాళ్ళ చేత కూడా రాయిస్తాడు. చెయ్యి వీడిది. తల వీడిది కాదు."

జనం ఆమెన్ అన్నారు. అక్క వచ్చి, తమ్ముడి రంగు చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇన్నాళ్ళకి ఒక మంచి పనికొచ్చావురా అంది.

సోమవారం పొద్దున్నే స్థలం మొత్తం మందిరం పేర రిజిస్ట్రేషన్ అయిపోయింది. మందిరం బోర్డు కూడా పెయింటరే రాశాడు. దానికి మాత్రం బావ కొలతకి ఒక అడుగు ఎక్కువే తెచ్చాడు. అంతం ఇంకా రాలేదు గానీ ప్రహరీ గోడ వచ్చేసింది. దాని లోపలికి పోయిన పెయింటరు సగం, పద్దెనిమిది అడుగుల వెడల్పు, యాభై తొమ్మిది అడుగుల పొడవు. నూట పద్దెనిమిది గజాలు.