ఎనిమిది పౌండ్ల గాలి

చక్రం లోపల రబ్బరు గీసుకున్న చప్పుడు ఆ రోజు తనకు వినపడిందన్న సంగతి ఫ్లోరా ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఆరాధనలో అందరూ తలలు వంచుకుని మనసులో పాపాలు ఒప్పుకునే రెండు నిమిషాల్లో కూడా దాన్ని దాటేసి చిన్న చిన్నవే ఒప్పుకునేది.

ఇందుకూరుపేట సెంటర్లో వాళ్ళ నాన్న లాజరస్‌ది టైర్ల షాపు. పొద్దున ఏడింటికి షట్టరు ఎత్తడం, కంప్రెసర్ అడుగున చేరిన నీళ్ళు వదలడం, పంచరు చూసే తొట్టిలో నీళ్ళు మార్చడం ఫ్లోరా పనులు. లాజరస్‌కు నడుము పట్టేసినప్పటి నుంచి మిగతా పనులూ ఆమెవే. కుర్చీలో కూర్చుని వంకలు పెట్టే పని ఆయన ఉంచుకున్నాడు.

అన్ని టైర్ల షాపుల్లో లాగే అక్కడా ఒక మర్యాద ఉంది. టైరులో గాలి ఉన్నన్నాళ్ళూ బండిలో మాట్లాడుకున్న మాటలు ఆ గాలిలోనే ఉంటాయి కదా. వాల్వు పిన్ను తీస్తే బయటికొస్తాయి, నిన్నటివి ముందు, గాలి పట్టిన రోజువి చివర. అందుకని పిన్ను తీసేముందు కంప్రెసర్ ఆన్ చేయాలి. ఆ రొదలో ఎవరి గుట్టు వాళ్ళకే ఉంటుంది. పెళ్ళి సంబంధాలు చూసే పెంచలకృష్ణ బండికి లాజరస్ ఒకసారి ఆ సంగతి మర్చిపోయి పిన్ను లాగితే, పొద్దుగూకేలోపు మూడు సంబంధాలు చెడిపోయాయి.

సిలార్ రొయ్య పిల్లలు అమ్మేవాడు. మైపాడు వైపు హేచరీల నుంచి ప్లాస్టిక్ సంచుల్లో ఉప్పునీళ్ళతో సహా తెచ్చి రొయ్యల గుంటల వాళ్ళకు చేర్చేవాడు. చిన్న కారు. వెనక సీటు పీకేసి ఇరవై సంచులు సర్దేవాడు. గట్ల మీద కారు కడుపు నేలకు తగులుతోందని, పెద్ద టైర్లు వేయమని వచ్చాడు.

"ఎత్తు రావాల, రాసుకోగూడదు. నీ వల్ల అవుతుందా మే?"

అవుతుందంది ఫ్లోరా. ఫోనులో వీడియోలు చూసి, పాత రిమ్ముల మీద చేతులు కోసుకుని ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న పని. ఒక సైజు పెద్ద రిమ్ములు తెప్పించింది. ముందు చక్రాల దగ్గర లోపలి ప్లాస్టిక్‌ను కొంచెం కోసింది. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూస్తే టైరుకూ రేకుకూ మధ్య రెండు వేళ్ళు దూరాయి. ఇక ఆఖరి పరీక్ష. టైరు అంచుకు సుద్ద పూసి, ఎదురు టీ కొట్టులో లావుపాటి వాళ్ళను నలుగురిని బతిమాలి వెనక ఎక్కించి గుంతల్లో ఒక చుట్టు తిప్పాలి. లోపల రేకు మీద తెల్లగీత పడితే రాసుకున్నట్టు. అది లాజరస్ పద్ధతి.

ఆ రోజు టీ కొట్టు మూసి ఉంది. ఫ్లోరా సుద్ద పూయలేదు, జనం కోసం ఆగలేదు. సిలార్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ కారే తిప్పింది. మలుపులో గుంత దగ్గర వెనక ఎడమ చక్రం గర్రుమంది.

"ఏందది?" అన్నాడు సిలార్.

"ఏం లేదన్నా. కొత్త రబ్బరు. రెండ్రోజులు తిరిగితే సర్దుకుంటుంది."

సర్దుకోదని ఆమెకు తెలుసు. ఖాళీ బండికే అట్లా ఉంటే బరువుకు ఇంకెట్లా ఉంటుందో కూడా తెలుసు. వెనక రేకు అంచు లోపలికి మడవాలి, ఒక పూట పని. కానీ చిన్న కారుకు పెద్ద టైర్లు ఎట్లా వేయాలో చూపిస్తూ వీడియో అప్పటికే పెట్టేసింది. గంటలో నాలుగు వేల మంది చూశారు. మళ్ళీ విప్పడానికి చెయ్యి రాలేదు.

పన్నెండో రోజు పొద్దున పదకొండింటికి, ఇరవై సంచుల బరువుతో, గట్టు మలుపులో ఆ టైరే పగిలింది. కారు పల్టీ కొట్టింది. సంచులు చిరిగి, ఉప్పునీళ్ళు ఇంకిపోయి, రొయ్య పిల్లలు మట్టి మీద మినుకుమంటూ ఆరిపోయాయి. సిలార్‌ను బయటికి లాగేసరికి ప్రాణం లేదు. సీటు కింద ఫోను మోగుతూనే ఉంది. చేస్తున్నది అతని భార్య రషీదా.

ఇక వేరే కారణం ఎవరూ వెతకలేదు. ఫోను కోసం చెయ్యి చాపుంటాడు, బండి అదుపు తప్పుంటుంది అనుకున్నారు. నీ ఫోనే మింగింది నా కొడుకును అని సిలార్ తల్లి షమీమ్ నలుగురిలో అనేసింది. రషీదా కూడా అదే నమ్మింది. తన ఫోను అత్త చేతిలో పెట్టేసి మళ్ళీ ముట్టుకోలేదు. మిగిలిన మూడు చక్రాలను మాత్రం షాపుకు పంపించి, గాలి తీయొద్దని కబురు చేసింది. అందులో ఏముందో వినే ధైర్యం తనకు లేదంది.

ఫ్లోరా ఒకదాని గాలి తీసింది. లాజరస్ అన్నానికి పోయిన వేళ, కంప్రెసర్ ఆపి. సిలార్‌కు దారిలో రొయ్య పిల్లలతో మాట్లాడే అలవాటు. ఆ మాటలే ముందుగా వచ్చాయి.

"మళ్ళీ గీస్తుండాది. ఏం కాదులే, ఫ్లోరా చెప్పింది కదా, సర్దుకుంటుందని. భయపడబాకండి."

దాని వెనకే, "రషీదా చేస్తా ఉండాది. మోగనీ. దిగినాక మాట్లాడతా. మిమ్మల్ని పెట్టుకొని స్టీరింగు వదుల్తానా?"

తర్వాత పన్నెండు రోజుల కబుర్లు. అట్టడుగున, గాలి ఇక అయిపోతుందనగా, తన గొంతే వచ్చింది. ఏం లేదన్నా, కొత్త రబ్బరు.

రషీదాను విడిపించే గాలే తనను పట్టిస్తుంది. ఒకటి లేకుండా రెండోది బయటికి రాదు. ఫ్లోరా పిన్ను బిగించి ఊరుకుంది. రెండో టైరు ఆర్నెల్లలో దానంతటదే మెత్తబడి చప్పబడిపోయింది. అట్లా రబ్బరులోంచి ఊరిపోయే గాలితో మాటలు వరసగా పోవు, అన్నీ కలిసి పలచబడుతూ గాలితోపాటే అయిపోతాయి. పైన కొత్త గాలి కొడితే పాత మాటలు చెదిరిపోతాయి కాబట్టి కొట్టలేదని తనకు తను చెప్పుకుంది. నిజానికి అది అయిపోవాలనే రోజూ నొక్కి చూసేది. మూడోదీ మెత్తబడుతూ వస్తోంది.

ఈ పొద్దున రషీదా బ్యాగుతో షాపు ముందుకొచ్చి నిలబడింది. బిట్రగుంటలో వాళ్ళన్న ఇంటికి పోతోందట. అత్త పొమ్మనిందట.

"పాపేదక్కా?" అనడిగింది ఫ్లోరా.

"ఇయ్యనన్నింది. మొగుణ్ణి మింగినదానికి బిడ్డనెట్ల ఇస్తా అనింది." రషీదా గోడకు ఆనించిన టైరు దగ్గరికొచ్చి బొటనవేలితో నొక్కింది. "మెత్తబడిపోయినాదే."

"అవునక్కా."

"పోనీలే. ఇదీ పోతే నాకు కాస్త నిద్రన్నా పడుతుంది." వేలికంటిన మసి కొంగుకు తుడుచుకుంది. "చక్రాల పని నీకు తెలిసినట్టు ఎవురికీ తెలవదనేవాడు మే ఆయన. ఆ పిల్ల చెయ్యి పెడితే చూసుకోబన్లేదనేవాడు."

నెల్లూరు బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. కిటికీలో నుంచి చెయ్యి ఊపింది కూడా.

ఫ్లోరా ట్రాక్టరు టైరు ఒకటి పడేసుకుని కూర్చుంది. కంప్రెసర్ కొట్టుకుంటోంది. ఎంతసేపటికీ ఆమె చెయ్యి కదలకపోయేసరికి లాజరస్ కుర్చీలోంచి అడిగాడు, గోడకున్న సిలార్ టైరులో ఎంతుందని.

గేజి పెట్టి చూసింది. "ఎనిమిది పౌండ్లు."

"ఇంకో వారానికి ఏమీ ఉండదు."

లాజరస్ గోడ పట్టుకుని లేచాడు, ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయి కంప్రెసర్ ఆపేశాడు. పని మధ్యలో ఆ చప్పుడు ఆగడం ఫ్లోరా ఎప్పుడూ ఎరగదు. రోడ్డు మీద కృష్ణపట్నం లారీ ఒకటి పోయింది. అది దూరమయ్యాక షాపులో ఏ చప్పుడూ లేదు.

"ఆ రోజు అన్నానికి పోతా కళ్ళద్దాలు మర్చిపోయి వెనక్కొచ్చినా," అన్నాడాయన. "నడుము పోయింది గానీ చెవులు పోలేదు. నువ్వే చెప్తావని చూసినా. నేనూ ఏడు నెలలు నోరు మూసుకొని కూర్చున్నా."

మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు.

ఫ్లోరా తొట్టిలో చేతులు కడుక్కుంది. గ్రీజు పోలేదు. ఫోను తీసి రషీదా నంబరు వెతికింది. ఆ ఫోను షమీమ్ చేతిలో ఉంటుంది, షమీమే ఎత్తుతుంది. ఇక్కడికి రండి, కోడలు నెల్లూరు కూడా చేరకముందే వెనక్కి పిలవాలి అని చెప్పాలి. కానీ టైరు సంగతి తర్వాత. ముందు చెప్పాల్సింది ఆ చప్పుడు సంగతి, అది గాలి నోట కాకుండా తన నోటితో. ఆమె ఆ మాటను ఒకసారి పైకి అనుకుని చూసింది, లాజరస్‌కు వినపడేలాగే. తర్వాత నంబరు నొక్కింది.