రాతి మనుషుల తలుపు

శాంతిప్రియ వియన్నా ప్రయాణం కోసం రాసుకున్న కాగితం మూడు రోజులుగా డైనింగ్ టేబుల్ మీదే ఉంది. నాలుగు రోజులు, పొద్దున ఏ వీధిలో మొదలుపెట్టి ఎక్కడ తేలాలి, ఎక్కడ ఎంతసేపు నిలబడాలి, అన్నీ పెన్సిలుతో గీతలు గీసి రాసింది. బస్సు టూర్లు వద్దంది. నెల్లూరు కాలేజీలో హిస్టరీ చదివిన రోజులనుంచీ ఒక పాత రాజధానిని కాలినడకన చూడాలని ఆమె కోరిక. పెళ్ళయి షార్జా వచ్చిన ఈ పంతొమ్మిదేళ్ళలో ఆమె నడిచిందల్లా అల్ నహ్దా పార్కు చుట్టూ, అదీ చలికాలంలో. మిగతా ఊరంతా కారు అద్దంలోంచి చూసిందే.

అబ్బాయి ఇండియాలో ఇంజనీరింగ్‌లో చేరాడు. భర్త వేణుగోపాలరావు ఇండస్ట్రియల్ ఏరియాలో అల్యూమినియం కిటికీలు చేసే కంపెనీలో పనిచేస్తాడు. ముదీర్‌ని, అంటే అక్కడి మేనేజరుని, రెండు నెలలు బతిమాలి అక్టోబరులో వారం రోజులు సెలవు సంపాదించాడు. వీసాలు వచ్చాయి. ఇక బయల్దేరడమే.

బుధవారం పొద్దున సత్యకుమారి వచ్చింది. ఆమె క్లీనింగ్ కంపెనీ మనిషి. వారానికి రెండుసార్లు వచ్చి మూడేసి గంటలు పనిచేసి వెళ్తుంది. అమలాపురం దగ్గర పల్లె ఆమెది. పని శుభ్రం, మాట తక్కువ. ఏడాదిగా వస్తున్నా ప్రతిసారీ పడకగది గడప దగ్గర ఆగిపోయి, "లోపలికి రానాండీ?" అని అడుగుతుంది. రమ్మంటేగాని అడుగు పెట్టదు. అది మర్యాద కాదు, ఏదో భయం అని శాంతిప్రియకి అనిపించేది. అడగలేదు.

ఆరోజు టేబుల్ తుడవబోయి, ల్యాప్‌టాప్ తెర మీది బొమ్మ చూసి గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆపేసింది సత్యకుమారి.

"పెద్ద చర్చి కదండీ ఇది? పక్కనే గుర్రబ్బళ్ళు నిలబెడతారు."

"నీకెట్లా తెలుసు?" అంది శాంతిప్రియ.

"ఐదేళ్ళు ఎండాకాలం అక్కడే కదండీ. కరోనాకి ముందు. దుబాయిలో అరబ్బుల ఇంట్లో చేసేదాన్ని. ఎండలకి ఆగలేక మేడం వాళ్ళు రెండు నెలలు అక్కడికి ఎళ్ళిపోయేవాళ్ళు. పిల్లల్ని చూసుకోడానికి నన్నూ తీసుకెళ్ళేవాళ్ళండి." కాగితం వైపు చూసింది. "తొమ్మిదినుంచి ఒంటిగంట దాకా నడకేనాండీ? మధ్యలో కూర్చునే చోటేదీ?"

"కూర్చోడానికి పోవట్లేదు."

"ఆయ్, బయల్దేరేటప్పుడు అందరూ అలాగే అంటారండి. అదంతా రాళ్ళు పరిచిన రోడ్డు. మా మేడం బాబుని కూర్చోబెట్టి తోసే బండి చక్రం రెండుసార్లు ఊడింది. మీ ఈ చెప్పులు మధ్యాన్నం దాకా కూడా రావు."

శాంతిప్రియకి కాస్త చురుక్కుమంది. అయినా పెన్సిలు తీసుకుంది. తాగే నీళ్ళ కుళాయిలు ఎక్కడున్నాయో, నీడ పడే బల్లలు ఎక్కడో, ఏ బట్టల షాపు పైఅంతస్తులో టాయిలెట్‌కి చిల్లర అడగరో, సత్యకుమారి ఒక్కొక్కటే చెప్పింది, ఈమె రాసుకుంది. అరపేజీ నిండింది. రాసింది చదువుకుంటే అందులో ఒక్క రాజభవనం పేరూ లేదు.

"మరి లోపల ఏమేం చూశావు?"

"లోపలికి నేనెందుకెళ్తానండీ? వాళ్ళు లోపల, పిల్లలూ నేనూ బయట." టేబుల్ తుడవడం మొదలుపెట్టి మళ్ళీ ఆపింది. "ఒక్కచోట మాత్రం ఎళ్ళానండి. ఒకే ఒక్క అడుగు. దాంతోనే నా ఉద్యోగం పోయింది."

శాంతిప్రియ కుర్చీ చూపించింది. సత్యకుమారి కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

ఆఖరి ఏడాది మేడం ఒక్కతే రోజూ ఒక ఇంటికి వెళ్ళేది. పెద్ద తలుపు, దాని మీద వరండాని భుజాల మీద మోస్తూ ఇద్దరు రాతి మనుషులు. ఏంటది అని పిల్లలు అడిగితే మ్యూజియం అనేది. మీరు రావద్దు, బయటే ఉండండి అనేది. గంటన్నర, రెండు గంటలు. ఒకరోజు వాన పట్టుకుంది. పాపకి అంతకుముందు రోజే జ్వరం తగ్గింది. సత్యకుమారి తలుపు తోసి పిల్లల్ని తీసుకుని లోపల మెట్ల దగ్గర నిలబడింది.

"అప్పుడే మేడం లిఫ్టులోంచి దిగిందండి. చేతిలో ఇంత పెద్ద కవరు. నన్ను చూసి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క మాట అనలేదు. దుబాయి వచ్చిన వారానికే టికెట్టు చేతిలో పెట్టి ఖలాస్ అంది. ఎందుకో చెప్పలేదండి. ఊళ్ళో మాత్రం కాంట్రాక్టు అయిపోయిందని చెప్పుకున్నాను."

"నువ్వు అడగలేదా?"

"ఏమని అడగనండీ? ఏదైనా తీశాననుకుందో, వాళ్ళ గుట్టు చూడ్డానికి ఎళ్ళాననుకుందో. ఆరేళ్ళయింది, ఇప్పటికీ తెల్లారి లేస్తే అదే గుర్తొస్తుంది. నేను చూడకూడనిది అక్కడేముంది?" చేతిలో గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. "మీరెలాగూ ఎళ్తున్నారు కదా అమ్మగారూ. ఆ ఇంట్లో ఏముందో చూసి చెప్పండి. తప్పు నాదేనా కాదా, అది తెలిస్తే చాలు నాకు."

"వీధి పేరేంటి?"

"పేరు ఎవరికి తెలుసండీ! చర్చి దగ్గర నిలబడి గుర్రాల వాసన వచ్చేవైపు నడవండి. వాసన పోయాక ఎడమచేతి పక్క కుళాయి, సింహం నోట్లోంచి నీళ్ళొస్తాయి. అక్కడినుంచి రెండో సందు. కింద మందుల షాపు."

శాంతిప్రియ నవ్వబోయి మానుకుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె కూడా తన ఇంటికి దారి 'పార్కు వెనక, కింద షవర్మా షాపు ఉన్న బిల్డింగ్' అనే చెబుతోంది. వీధి నంబరు ఏనాడూ కనుక్కోలేదు.

వియన్నాలో దిగిన పూటే ఆ గుర్తుల సంగతి తేలిపోయింది. పాత బస్తీలో ప్రతి మూడో ఇంటికీ రాతి మనుషులు ఉన్నారు. ఒకచోట ఇద్దరు, ఒకచోట నలుగురు. గడ్డాలవాళ్ళు, కండలు తిరిగినవాళ్ళు, ఆడవాళ్ళు కూడా. మొదటి రోజు సాయంత్రానికి వేణుగోపాలరావు పదకొండు ఇళ్ళు లెక్కపెట్టి, కాఫీ దుకాణం ముందు కుర్చీలో కూలబడి బూటు విప్పాడు. మడమ బొబ్బ ఎక్కింది.

"ఏంది శాంతీ ఇది? వీళ్ళ ఊళ్ళో వరండాలు మొయ్యను ఇంతమంది మనుషులా? మా కంపెనీలో కూడా లేరు ఇంతమంది లేబర్."

"నిదానంగా చూద్దాం. మూడు రోజులున్నాయి."

"చూసేదానికి వచ్చింది రాజుల కోటలు గదా. నువ్వు చూస్తే మందుల షాపులు చూస్తా ఉండావు."

కోటలూ చూశారు. శాంతిప్రియ కాగితం ప్రకారమే చూశారు. ఒక్క గంట మాత్రం రోజూ వెనకబడేవాళ్ళు. ఆమెకి నడక బాగుంది. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాల్లో అయిపోయిన రాజవంశం ఇక్కడ మలుపు మలుపుకీ తగిలేది. గోడలు ఆమె ఊహించినదానికంటే మసిబారి ఉన్నాయి, తోటలు ఆమె ఊహించినదానికంటే శుభ్రంగా ఉన్నాయి. సత్యకుమారి చెప్పిన బల్లలు చెప్పినచోటే ఉన్నాయి. మూడోరోజు మధ్యాహ్నం వాటిలో ఒకదాని మీద కూర్చుని, కొత్త బూట్ల లేసులు వదులు చేసుకుంటూ, తను గీతలు గీసి రాసుకున్నదాని కంటే సత్యకుమారి చెప్పిన ఈ అరపేజీయే ఎక్కువ పనికొచ్చిందని ఒప్పుకుంది, మనసులో.

ఒక ఇల్లు సరిపోయినట్టే ఉంటే ఫొటో తీసి పంపింది. కాసేపటికి సత్యకుమారి గొంతు ఫోన్‌లో వచ్చింది: "కాదండీ అమ్మగారూ. వీళ్ళకి గడ్డాలున్నాయి, మావాళ్ళకి లేవు. మావాళ్ళలో ఎడంపక్క మనిషికి కాలి బొటనవేలు ఉండదండి, విరిగిపోయింది. పాప రోజూ అక్కడ ఐస్‌క్రీం రాసేది."

"మావాళ్ళంట!" అన్నాడు వేణుగోపాలరావు. అయినా ఆ తర్వాత అతను కూడా తలపైకెత్తడం మాని, రాతి మనుషుల పాదాలే చూస్తూ నడిచాడు.

నాలుగోరోజు గురువారం. మధ్యాహ్నం మూడింటికి రాజభవనంలో పాత గ్రంథాలయం చూడడానికి టికెట్లు తీసుకున్నారు. కాలేజీలో లెక్చరర్ చూపించిన ఒక నలుపుతెలుపు బొమ్మలో శాంతిప్రియ మొదటిసారి చూసిన హాలు అది. ప్రయాణం మొత్తంలో తనకోసమని పెట్టుకున్నది అదొక్కటే. రెండు గంటలకి చర్చి దగ్గరినుంచి బయల్దేరి, ఈసారి ఫోన్ చూడకుండా, సత్యకుమారి చెప్పినట్టు గుర్రాల వాసన వెంట నడిచారు. వాసన తగ్గింది. ఎడమపక్క సింహం, నోట్లో ఇత్తడి గొట్టం. రెండో సందు. మందుల షాపు. దాని పక్కన తలుపు.

వేణుగోపాలరావు వంగి చూసి, "వేలు లేదు," అన్నాడు.

తలుపు పక్క గోడకి ఇత్తడి పలకలు వరసగా ఉన్నాయి. లాయరు, పళ్ళ డాక్టరు, ఇంకేదో ఆఫీసు. మూడో అంతస్తు పలక మీద మాత్రం జర్మన్ కింద అరబ్బీలో కూడా రాసి ఉంది. శాంతిప్రియకి అరబ్బీ రాదు. షార్జా బోర్డులు చదివి చదివి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. కూడబలుక్కుంది. సరతాన్. ఆ మాట ఆమెకి తెలుసు. ఏటా అక్టోబరులో మాల్స్‌లో, క్లినిక్‌ల ముందు గులాబీరంగు రిబ్బను బొమ్మ పక్కన, ఆడవాళ్ళు పరీక్ష చేయించుకోవాలని రాసే పోస్టర్ల మీద కనిపిస్తుంది. క్యాన్సర్.

"పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పొయ్యుండొచ్చు గదా," అన్నాడు అతను.

"పళ్ళకి అంత పెద్ద కవరు ఎందుకు?" అంది. అయినా రూఢి చేసుకోకుండా ఏదీ చెప్పడం ఆమెకి అలవాటు లేదు. మందుల షాపులోకి వెళ్ళింది. ముందు నలుగురున్నారు. వరసలో నిలబడింది. వేణుగోపాలరావు గడియారం చూపించాడు: మూడుకి ఇంకా ఇరవై నిమిషాలు. ఆమె తల ఊపి అక్కడే నిలబడింది. తన వంతు వచ్చాక ఇంగ్లీషులో అడిగింది, మూడో అంతస్తు డాక్టరు దగ్గరికి గల్ఫ్ నుంచి ఆడవాళ్ళు వస్తారా అని. కౌంటర్ వెనక పెద్దావిడ మీరెవరు అన్నట్టు ఒకసారి చూసి, వస్తారంది. ఎండాకాలమంతా వస్తారు, రొమ్ము క్యాన్సర్‌కి పేరున్న డాక్టరంది.

గ్రంథాలయం దగ్గరికి చేరేసరికి లోపలికి పంపే సమయం దాటిపోయింది. తర్వాతి గంటకి టికెట్లు లేవు, సాయంత్రం విమానం. శాంతిప్రియ బయట మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగింది.

"ఆమె దాచుకున్న సంగతి," అన్నాడు వేణుగోపాలరావు పక్కన కూర్చుంటూ. "పిల్లలకే చెప్పకపాయె. మనం మోసుకోనిపొయ్యి చెప్పేది ఏం బాగుంటది?"

"ఈమె ఆరేళ్ళుగా తనని దొంగననుకున్నారేమో అని కుమిలిపోతా ఉంది."

"తెలిస్తే మాత్రం పోయిన ఉద్యోగం వస్తుందా?"

ఫోన్‌లో సత్యకుమారి మాట ఒకటి వచ్చి ఉంది: దొరికిందాండీ? శాంతిప్రియ 'వచ్చి చెప్తాను' అని పంపింది. తీసిన ఫొటో పంపలేదు.

షార్జాలో దిగిన రెండోరోజు సత్యకుమారి వచ్చింది. చీపురు ముట్టుకోకుండా వంటింట్లో నిలబడింది. శాంతిప్రియ రెండు కప్పులు టీ పెట్టి, ఒకటి ఆమెకిచ్చి, నగిషీలు లేకుండా చెప్పింది. ఇల్లు దొరికింది, వేలు లేదు, అది మ్యూజియం కాదు, మూడో అంతస్తులో క్యాన్సర్ డాక్టరు. మందుల షాపులో అడిగిన మాట, వాళ్ళన్న మాట. "మీ మేడం అక్కడికే వెళ్ళిందని నేను కళ్ళతో చూడలేదు. కానీ ఆ ఇంట్లో అరబ్బీ బోర్డు ఉన్నది ఆ ఒక్క డాక్టరుకే."

సత్యకుమారి టీ గట్టు మీద పెట్టేసింది.

"అయితే మేడం ఉందాండీ?"

అది శాంతిప్రియ అనుకోని ప్రశ్న. "తెలీదు," అంది.

"డ్రైవరు కలీం నంబరు ఉందండి నా దగ్గర. కడప వాడు. సిగ్గేసి ఇన్నాళ్ళూ చెయ్యలేదు." అప్పుడే ఫోన్ తీసి నొక్కింది. ఇద్దరికీ వినపడేలా స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఉంచింది.

"ఎవురూ?" అంది అవతలి గొంతు. ఈమె పేరు చెప్పగానే, "యా అల్లా! ఏం కుమారీ, ఇన్నేండ్లకా? నేను నిన్ను కరోనాలో పోయినావనుకుంటి."

"ఉన్నానులే. కలీం బాయ్, మేడం ఎలా ఉంది?"

"ఉండాది. ఇప్పుడు తబియత్ బాగనే ఉండాది. మధ్యలో రెండేండ్లు శానా కష్టమాయె."

"నన్ను అప్పుడు ఎందుకు పంపేశారో తెలుసా నీకు?"

"నిన్నొక్కదాన్నేనా? ఆ నెలలోనే వంటామెనూ పంపిచ్చిరి. ఇంట్లో తిరిగే మనిషి ఒక్కరూ వద్దనె. ఆస్పత్రి నర్సులు వచ్చి పొయ్యేవాళ్ళు. నన్నొక్కన్నే పెట్టుకునిరి. నేను గేటు బయట మనిషిని గదా, లోపలికి పోను, చూడను."

సత్యకుమారి కళ్ళు మూసుకుని తెరిచింది. తప్పు తనది కాదని తెలిసిన మనిషి మొహంలా లేదది. శాంతిప్రియ ఆమెకి కుర్చీ జరిపింది, ఈసారి కూర్చుంది.

"జుట్టు మళ్ళీ వచ్చిందా?" అని అడిగింది ఫోన్‌లోకి వంగి.

"నాకెట్ల తెలుస్తది తల్లీ? తలమీద గుడ్డ లేకుండా డ్రైవరు ముందర కూర్చుంటదా?"

"ఆమె తల నేనే దువ్వేదాన్ని కలీం బాయ్. రోజూ రాత్రి నూనె రాసి, అంత పొడుగు జుట్టు, చిక్కు తీసి జడేసేదాన్ని. ఊడిపోతుంటే నా చేతిలోకే వచ్చేది కదా. అది నేను చూడకూడదనుకుంది." గొంతు పెరిగింది. "ఒక్క మాట చెప్పకూడదా? చూసుకునేదాన్ని కాదా? పిల్లలిద్దర్నీ నేను పెంచలేదా? మ్యూజియం అంట!"

అవతల రోడ్డు మీద హారన్ వినిపించింది. "మేడంను ఎక్కించుకోవాల, అయిదు నిమిషాల్లో దిగి వస్తది," అన్నాడు కలీం. "నువ్వు ఫోన్ చేసినావని చెప్పాల్నా, వద్దా?"

సత్యకుమారి శాంతిప్రియ వైపు చూసింది. ఈమె ఫోన్‌ని ఆమె దగ్గరికి జరిపింది. అది చెప్పాల్సినది తను కాదు.

"నాకు తెలిసిందని చెప్పకు," అంది సత్యకుమారి. "కుమారి షార్జాలోనే ఉందని మాత్రం చెప్పు. నంబరు ఇదేనని చెప్పు."