సీలు భద్రం

నేను ఒక సీలును. ట్యాంకరు లారీ కుళాయికి తీగతో బిగించే సీసపు బిళ్లను. చింతగింజంత ఉంటాను. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి, నేను చెప్పేదంతా విన్నాక మీకు నవ్వు రాదు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. పాడైన లారీ బ్యాటరీల సీసాన్ని ఒక రేకుల షెడ్డులో కరిగించి అచ్చుల్లో పోశారు. ముక్కుకు కొంగు కట్టుకున్న ఒకామె మమ్మల్ని వేడివేడిగా తట్టలోకి దులిపింది. అక్కడి నుంచి సంచిలో పడి కొండల కింద ఉన్న చమురు డిపోకు చేరాను. అక్కడ ఒకతను నా కడుపులోంచి తీగ దూర్చి, ట్యాంకరు కుళాయి పెట్టెకు చుట్టి, పట్టకారుతో గట్టిగా నొక్కాడు. నా ఒంటి మీద ఒక నంబరు పడింది. దాంతో నాకు ఎక్కడలేని పెత్తనం వచ్చింది.

మనుషుల తెలివికి దండం పెట్టాలి. అంత పెద్ద ట్యాంకు నిండా డీజిల్ నింపి దానికి నన్ను కాపలా పెట్టారు. అసలు దొంగలు నన్ను ముట్టనైనా ముట్టరు. పైమూత వెనక బోల్టులు విప్పి, పైపు వేసి, కావలసింది లాగేసుకుని మళ్లీ బిగిస్తారు. నేను చెక్కుచెదరకుండా ఉంటాను. డిపోలో నన్ను చూసి అందరూ తృప్తిపడతారు. ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు, ఇక నేనేం పడతాను? నాకు భయపడేవాడల్లా నిజాయితీపరుడే. నా ట్యాంకరు డ్రైవరు దస్తగిరి అలాంటివాడు.

దస్తగిరిది నంద్యాల పక్క ఒక దూదేకుల ఇల్లు. సిమెంటు లారీలతో మొదలుపెట్టి ట్యాంకర్లకు వచ్చాడు. చలికాలంలో లడాఖ్ దారి ఎక్కడానికి ఆ పక్క డ్రైవర్లే వెనకాడుతుంటే, ఇతను ఒప్పుకున్నాడు. పక్కన రెండో డ్రైవరుగా భార్య తమ్ముడు మౌలాలిని తెచ్చుకున్నాడు. ఈ చలికాలం గట్టెక్కితే మౌలాలి సొంతంగా ఒక బండి పట్టాలి. దారిపొడవునా వాళ్ల మాటలన్నీ దాని గురించే. ఏ బండి తీసుకోవాలి, దాని ముందు ఎవరి పేరు రాయించాలి అని బావా బావమరుదులు పోట్లాడుకునేవాళ్లు. దాబాల్లో తోటి డ్రైవర్లు దస్తగిరిని 'సీలు దస్తగిరి' అని పిలిచేవాళ్లు. ఒక్క లీటరు కూడా తీయనివాడని ఆ పేరు. కొందరు మెచ్చుకుంటూ అనేవాళ్లు, కొందరు వెక్కిరిస్తూ అనేవాళ్లు. ఎవరు ఎలా అన్నా అతను మాత్రం పొంగిపోయేవాడు.

ఇక డీజిల్ సంగతి చెబుతాను, అసలు మంట అక్కడే ఉంది. నేను కాపలా కాసేది చలికి గడ్డకట్టని డీజిల్. పైన ఉండే ఊళ్ల కోసం ప్రత్యేకంగా తయారు చేసింది. మరి బండి నడవడానికి దాని సొంత ట్యాంకులో పోసిందో? మైదానంలో దొరికే మామూలు డీజిల్. బండి యజమాని సేఠ్‌కు కింద సొంత బంకు ఉంది. అక్కడే ట్యాంకు నిండా పట్టించుకుని పొమ్మంటాడు. ఆ మహానుభావుడు ఎన్నడూ మంచు తొక్కినవాడు కాదు.

కనుమ మీద ఆ మధ్యాహ్నం మంచు విరిగిపడి దారి మూసుకుపోయింది. ముందు బండ్లు అవతలికి దాటిపోయాయి. మా వెనక ఎవరూ లేరు. మంచులో జారకుండా టైర్లకు గొలుసులు కట్టుకుని, ఇంజను ఆపకుండా నిలబడ్డాం. ఆ చలిలో ఇంజను ఆగిందంటే మళ్లీ లేవదు. కాసేపటికి సేఠ్ గారి డీజిల్ పేరుకున్న నెయ్యిలా తయారైంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దాంతోపాటే క్యాబిన్‌లో హీటరూ ఆగింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

మౌలాలి చేతి తొడుగులు తీసేసి ఫిల్టరు విప్పాడు. తొడుగులతో ఆ పని కాదు. గడ్డకట్టిన డీజిల్ చేతులకంతా అంటుకుంది. దస్తగిరి పాత ట్యూబు ముక్కలు, గోనెపట్టాలు బండి సొంత ట్యాంకు కింద పేర్చి మంట పెట్టాడు. చూశారా? నిండు ట్యాంకరు కింద మంట పెడితే అడిగేవాడు లేడు. నన్ను తెంచితే మాత్రం నేరం! గాలి ఆ మంటను నిలవనివ్వలేదు. వెలిగించిన ప్రతిసారీ ఊది పారేసింది. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు, గడ్డకట్టని డీజిల్ ట్యాంకు నిండా పెట్టుకుని ఆ ఇద్దరూ పొగలో దగ్గుతూ కూర్చున్నారు.

చివరికి మౌలాలే అన్నాడు. "బావా, ఆ సీలు తెంచు. బకెట్టెడు డీజిలు పట్టి ఫిల్టర్లో పోస్తే బండి లేస్తాది."

"తెంచితే దొంగోళ్లంటారు రా," అన్నాడు దస్తగిరి. "ఇన్నేండ్లలో నా మీద ఆ మాట పడల్యా. రోంత ఓర్చుకో, ఎవరో ఒగరు వస్తారు."

"చేతులు నావి మాదిరి ల్యావు బావా."

నాకు నోరుంటే ఆ కనుమ అదిరేలా అరిచేదాన్ని. తెంచరా మొద్దూ, నన్ను తెంచు! నేనేమన్నా నీ తాళిబొట్టునా, నీ దేవుడినా? నోరు లేకపోయింది.

మౌలాలి ఇక బావను అడగలేదు. కటింగ్ ప్లేయరు తీసుకుని తనే నా దగ్గరకు వచ్చాడు. నా తీగను దాని పళ్ల మధ్య పెట్టాడు. నొక్కాలి, అంతే. వేళ్లు ముడుచుకోలేదు. కొవ్వొత్తుల్లా తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. రెండు అరచేతుల మధ్యా ప్లేయరు ఇరికించి నొక్కాడు. అది జారి మంచులో పడింది. వంగి తీసుకోబోయాడు, అదీ చేతకాలేదు.

దస్తగిరి నాలుగడుగుల దూరంలో నిలబడి ఇదంతా చూశాడు. వచ్చి ప్లేయరు తీశాడు. హమ్మయ్య అనుకున్నాను. అతను దాన్ని తుడిచి జేబులో వేసుకున్నాడు! తర్వాత మౌలాలి చేతులు రెండూ పట్టుకుని తన చొక్కా లోపలికి దూర్చి, పొట్టకు అదుముకుని కూర్చున్నాడు. బావమరిది మీద ప్రేమ లేక కాదు, ప్రాణమే. అందుకే నా ఒళ్లు ఇంకా మండిపోతోంది.

పొద్దు వాలుతుండగా మంచు తోసే యంత్రం వచ్చింది. దాని వెనక మా బండ్ల వరసను నడిపించే ఇన్‌చార్జి జీపు వచ్చింది. అతను అద్దం బెత్తెడు దించి హిందీలో మొదట అడిగింది సీలు భద్రంగా ఉందా అని. బతికున్నారా అని కాదు! టార్చిలైటు వేసి నా నంబరు సరిచూసుకున్నాక గానీ మౌలాలి చేతుల మీదికి ఆ వెలుతురు పోలేదు. భద్రమేనని దస్తగిరి చెప్పాడు, గొంతులో కొంచెం గర్వంతోనే.

మౌలాలిని జీపులో ఆసుపత్రికి పంపారు. వేడినీళ్లు పోసి, యంత్రం మీది వాళ్ల దగ్గర అరువు తెచ్చిన డీజిల్ పోసి, బండిని లేపారు. మర్నాడు దస్తగిరి ఒక్కడే పై డిపోకు చేర్చాడు. అక్కడ ఇన్‌చార్జి అతని భుజం తట్టి, తోటి డ్రైవర్లందరినీ పిలిచి, ఇతన్ని చూసి నేర్చుకోండని చెప్పాడు. ఇంతలో డిపో మనిషి ఒకడు ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని వచ్చాడు. ఎవరి పెళ్లికో మాంసం ఎంత కావాలో మాట్లాడుతున్నాడు. ఆ మాట ఆపకుండానే, నా వైపు సరిగ్గా చూడకుండానే, కట్టరుతో టక్కుమని నా తీగ తెంచాడు. నన్ను బకెట్లోకి విసిరాడు. అందులో నాలాంటివి సగం దాకా ఉన్నాయి.

దస్తగిరి ఆ బకెట్లోకి తొంగిచూశాడు. "అంతేనా?" అని అడిగాడు తెలుగులోనే. ఎవరికీ అర్థం కాలేదు. వంగి నన్ను ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

ఆసుపత్రిలో మౌలాలి చేతులకు కట్లు ఉన్నాయి. కుడిచేతి నాలుగు వేళ్లూ తీసేయక తప్పదని డాక్టరు అప్పటికే చెప్పి వెళ్లాడు. దస్తగిరి మంచం పక్కన కూర్చున్నాడు. మౌలాలే అడిగాడు.

"సీలు తెంచినారా బావా?"

"తెంచినారు."

"ఎంతసేపు పట్టింది?"

దస్తగిరి జేబులో చెయ్యి పెట్టాడు. నన్ను తీసి ఆ కట్ల చేతి పక్కన దుప్పటి మీద పెట్టి, గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడవనీ, నాకు జాలి కలగలేదు. తెగాల్సింది నేను.