పాస్తా వార్చిన సిబ్బి

నేను ఒక సిబ్బిని. ఇత్తడిదాన్ని, ఒళ్లంతా చిల్లులే. కుక్కర్ల కాలంలో పుట్టినవాళ్లకు నేనెవరో తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. అన్నం ఉడికాక గిన్నె మూతి మీద నన్ను పెట్టి, మసిగుడ్డతో గట్టిగా పట్టుకుని వంచితే గంజి నా చిల్లుల్లోంచి పోతుంది, మెతుకులు లోపలే ఉంటాయి. ఇంతేనా అని తీసిపారేయకండి. పట్టు కాస్త సడలితే చాలు, అన్నం మొత్తం గంజిలో పడుతుంది, చేయి బొబ్బలెక్కుతుంది. మీరు మూతలు అని పిలిచే ఆ సోమరిపోతులతో నన్ను కలపకండి.

పుట్టింది ఇత్తడి పనికి పేరున్న అజ్జరంలో. నన్ను కొట్టిన కంచరి మంచి పనివాడే కానీ ఆ రోజు ఆయనకు బావమరిదితో పేచీ వచ్చింది. ఆ కోపమంతా నా మీద చూపించడంతో నా ఒక పక్క చిల్లులు వంకరగా పడ్డాయి. మనుషులు తమలో తాము తేల్చుకోలేనివన్నీ వస్తువుల మీదే తేల్చుకుంటారు. ఏదో తీర్థంలో పోలమ్మ అనే జాలరి మనిషి నన్ను బేరమాడి కొని విశాఖ తీసుకెళ్లింది. సముద్రం ఒడ్డున, అల చప్పుడు వంటింట్లోకి వినబడే ఇల్లు. చేపల బుట్ట మీదికొచ్చిన పిల్లి మీదికి ఒకరోజు ఆమె నన్నే విసిరింది. పిల్లికి తగల్లేదు, గోడకు తగిలి నా అంచు ఒకచోట సొట్టపోయింది.

పోలమ్మ పోయాక నేను ఆమె కోడలు కొర్లమ్మ చేతికి వచ్చాను. కొన్నాళ్లకే ఆ ఇంటికి కుక్కరు వచ్చింది. అది కూతపెట్టిన ప్రతిసారీ నా ఒళ్లు మండేది. నన్ను అటకెక్కించారు. అప్పుడప్పుడు దించి రొయ్యలు కడిగేవారు, ఒకసారి కోడిపిల్లల మీద బోర్లించారు. నా గురించి ఇంతకంటే చెప్పను, పరువు పోతుంది.

కొర్లమ్మ మొగుడు ఎల్లాజీ గేలపు తాడుతో సూర చేపలు పట్టేవాడు. మీరు ట్యూనా అంటారు కదా, అదే. పెద్ద సూర పడితే పడవలో ఈల వేస్తాడని, ఆ ఈల పక్క పడవలకు వినిపిస్తుందని చెప్పుకునేవారు. ఒక తుపానుకు అతని పడవ తిరిగి రాలేదు. కొర్లమ్మ ఇసుకలో కూర్చుండిపోయింది. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పడవ మరెక్కడో ఒడ్డుకు చేరిందని కబురు వచ్చాక ఆమె ఇంటికొచ్చి, గోడకు ఆనుకుని, ఏడవకుండా వణకడం అటక మీంచి చూశాను. ఆ తర్వాత అతను సముద్రం మీదికి వెళ్లిన ప్రతి రోజూ ఆమె కూడు సరిగ్గా తినేది కాదు.

ఆ సముద్రమే చివరికి అతన్ని ఒడ్డుకు తోసేసింది. ఒక పెద్ద సూర లాగిన లాగుడుకు తాడు ఎడమచేతికి చుట్టుకుని చూపుడువేలు, మధ్యవేలు తెగిపోయాయి. ఆ చేత్తో ఇక తాడు పట్టలేడు. కొర్లమ్మ చేపల బుట్టతో వీధులు తిరుగుతుంటే అతను ఇంట్లో వంట మొదలుపెట్టాడు. కుక్కరు మూత బిగించడం ఆ చేత్తో కుదరక నన్ను దించాడు. నా అంచున సొట్ట ఉంది కదా, అతని బొటనవేలి మొదలు సరిగ్గా అందులో కూర్చుంది. అతని చేయి పోతే నాకు పని దొరికింది. దానికి సంతోషించాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు.

వంట బాగా అబ్బింది. కానీ మనిషి మాత్రం ఇంట్లో లేడు. తెల్లవారితే ఒడ్డున కూర్చుని పడవలు వెళ్లడం చూసేవాడు. ఇంటికొచ్చి ఉప్పు తక్కువైందని తన వంటను తనే తిట్టుకునేవాడు. ఈల మాత్రం మళ్లీ వినబడలేదు. కొర్లమ్మకు అది పట్టలేదనుకుంటాను. సందేళకు మొగుడు ఇంట్లో ఉంటున్నాడు, ఆమెకు అదే చాలు. కూడు కూడా బాగా తినేది.

అప్పుడు వచ్చింది ఆ ఓడ కబురు. మెక్సికో రేవులకు తిరిగే సరుకుల ఓడకు వంటవాడు కావాలట. పనివాళ్లలో సగం మంది ఆ దేశంవాళ్లట. పరీక్షలో ఒకటే వంటకం చేయాలి. ట్యూనా, మొక్కజొన్న, పాస్తా కలిపి మెక్సికో పద్ధతిలో చల్లటి సలాడ్. అది నెగ్గితే ఎల్లాజీ మళ్లీ నీళ్ల మీదికి వెళ్లొచ్చు. ఒడ్డున కూర్చునేవాడికి ఇంకేం కావాలి?

"నా సేతి ఏళ్లు తినీసినదాన్ని డబ్బాలో ఎట్టి నాకే ఇచ్చేరు సూడే" అని ట్యూనా డబ్బా చూపించి నవ్వాడు. కొర్లమ్మ నవ్వలేదు.

పరీక్షకు ముందురోజు ఇంట్లో చేసి చూశాడు. పాస్తా అంటే పిండి గొట్టాలు. ఉప్పునీళ్లలో ఉడికించి, పలుకు ఉండగానే వార్చి, వెంటనే చన్నీళ్లు పోయాలి. ఎల్లాజీ నాతో వార్చి, గిన్నె కిందపెట్టి, చన్నీళ్ల బిందె కోసం వాకిట్లోకి వెళ్లాడు. వంటింట్లో కొర్లమ్మ, నేను మిగిలాం. అన్నం వార్చాక మనవాళ్లు ఏం చేస్తారు? గిన్నెను సన్నటి సెగ మీద పెట్టి ఉమ్మగిలనిస్తారు. మిగిలిన తడి ఆవిరై మెతుకు మగ్గుతుంది. అన్నానికి అది ప్రాణం, పాస్తాకు చావు. ఆ సంగతి ఎల్లాజీ పొద్దున్నుంచీ పాఠంలా వల్లిస్తూనే ఉన్నాడు. కొర్లమ్మ గిన్నె వైపు చూసింది. వాకిలి వైపు చూసింది. గిన్నె ఎత్తి పొయ్యి మీద పెట్టి మంట వెలిగించింది. వాకిట్లోకి వెళ్లి, పక్కింటావిడ పిలుస్తోందని చెప్పి అతన్ని కాసేపు ఆపింది.

అతను వచ్చి నన్ను తీసి చూసేసరికి లోపల పాస్తా లేదు, జావ ఉంది.

"ఉమ్మగిల్నిచ్చీసావేటే!"

"అలవాటు మీద ఎట్టీసాను మావా."

"అలవాటా? నానెల్లకూడదనే సేసినావు!"

కొర్లమ్మ చీరకొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మళ్లీ చేసి చూడటానికి ఇంకో డబ్బా లేదు, ఇంకో పాస్తా పొట్లం లేదు.

మర్నాడు పరీక్షకు ఎవరి గిన్నెలు వాళ్లు తెచ్చుకోవచ్చన్నారు. పాస్తా వార్చే రెండు చెవుల జల్లిగిన్నె పట్టుకుంటే ఎల్లాజీ చేయి బయటపడుతుంది. నా మీద మసిగుడ్డ కప్పి పట్టుకుంటే వేళ్లు ఉన్నదీ లేనిదీ కనబడదు. అందుకే నన్ను వెంట పెట్టుకున్నాడు. గిన్నె మోసుకుని కొర్లమ్మ కూడా వచ్చింది. ఆమెను లోపలికి రానివ్వలేదు. కిటికీ అవతల, ఊచలు పట్టుకుని నిలబడింది.

పరీక్ష పెట్టే ఆయన రషీద్ గారు. ఓడల్లో వంట చేసి జుట్టు తెల్లబడ్డ మనిషి. నన్ను చూసి, "గిన్నెలు తెచ్చుకోమన్నాను సరే, ఇదేంటయ్యా, మ్యూజియంలోంచి పట్టుకొచ్చావా?" అన్నారు. తక్కినవాళ్లంతా నవ్వారు. వాళ్ల జల్లిగిన్నెలు తళతళలాడుతున్నాయి. నేను పళ్లు కొరుక్కున్నాను, పళ్లుంటే.

ఎల్లాజీ మొదట డబ్బా కోశాడు. రషీద్ గారికి వీపు పెట్టి, డబ్బాను పొట్టకు ఆనించి, ఎడమ మోచేత్తో అదిమి కోశాడు. నూనె వంచి చేపను పక్కన పెట్టాడు. మొక్కజొన్న గింజలు పెనం మీద చిటపటలాడాయి. జీలకర్ర వేయించి నలిపాడు. నిమ్మరసం, మిరపకారం, పచ్చిమిర్చి, కొత్తిమీర. మెక్సికో అంటే ఏమిటో అనుకున్నాను కానీ మా పోపులపెట్టె ఆ దేశానికి చుట్టమే. అవతల పాస్తా ఉడికింది. అతను ఒకటి కొరికి చూసి, మసిగుడ్డ కప్పి, నన్ను గిన్నెకు అదిమి వంచాడు. బొటనవేలి మొదలు నా సొట్టలో బిగుసుకుంది. నీళ్లు పొగలు కక్కుతూ తొట్టెలోకి పోయాయి. ఒక్క గొట్టం జారలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పుడూ ఆవిరి కొట్టినట్టుంటుంది. వార్చిన గిన్నెను అతను తొట్టె దగ్గర పెట్టలేదు. నేరుగా పొయ్యి మీద పెట్టాడు. మంట తగ్గించాడు. రోజూ ఇంట్లో చేసే పని, కంగారులో చేతులు వాటంతట అవే చేసేశాయి. అటు తిరిగి ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాడు.

కింద పాస్తా మగ్గుతోంది. ఆవిరి నా చిల్లుల్లోంచి కొడుతోంది. నేను గిన్నె మీద టకటకమని ఎగిరిపడ్డాను. నాకున్న గొంతు అదొక్కటే. అతను వినలేదు. ఎందుకంటే, ఉల్లిపాయ తరుగుతూ, తనకు తెలియకుండానే, అతను ఈల వేస్తున్నాడు.

కిటికీ వైపు చూశాను. కొర్లమ్మ గిన్నెను చూసింది. ఆమె కళ్లు మంట మీద నిలిచాయి. ఆమె చేయాల్సింది ఏమీ లేదు. నోరు మూసుకుంటే చాలు. ఇంకాసేపట్లో లోపల జావ అవుతుంది, మొగుడు ఇంటికొస్తాడు, ఈసారి తప్పు ఆమెది కూడా కాదు. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకో తల్లీ, నీ కష్టం నాకు తెలుసు అనుకున్నాను. గిన్నెలో సలసల ఆగి చిటచిట మొదలవుతోంది. ఈల సాగుతూనే ఉంది. ఆమె అతని వీపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. అంతసేపు చూడకమ్మా, పాస్తా ఆగదు అని అరవాలనిపించింది.

కొంగు జారింది.

"మావా! దించీ! ఉమ్మగిల్నీకు! సన్నీలు పొయ్యి!"

ఎల్లాజీ కత్తి వదిలేశాడు. మసిగుడ్డ విసిరికొట్టి, రెండు చేతులతో గిన్నె లాగి తొట్టెలో పెట్టి చన్నీళ్లు గుమ్మరించాడు. నన్ను ఎత్తి, ఒక గొట్టం తీసి కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. అందులో పలుకు ఇంకా ఉంది.

"బయట ఎవరమ్మా అది?" రషీద్ గారు కిటికీ దగ్గరికి వెళ్లారు. "పరీక్ష నీకా, ఆయనకా?"

"ఇద్దరికీ బాబూ" అంది కొర్లమ్మ.

ఆయన వెనక్కి తిరిగారు. అప్పుడు చూశారు ఆ చేతిని. గుడ్డ లేదు, దాచడానికి ఏమీ లేదు. మూడు వేళ్లతో ఎల్లాజీ నిమ్మకాయ పిండుతున్నాడు. అన్నీ కలిపాక ఆయన ఒక చెంచా తిన్నారు, ఇంకో చెంచా తిన్నారు.

"రుచి సంగతి సరే. ఓడలో నేల నిలవదు. ఈ చేత్తో ఎలా?"

"నేల నిలవదని నాకు తెల్దేటి బాబూ" అన్నాడు ఎల్లాజీ.

ఆయన ఇంకో గిన్నెడు పాస్తా ఉడికించమన్నారు. వార్చే సమయానికి పక్కన వచ్చి నిలబడి, ఎల్లాజీ నన్ను అదిమి వంచుతుండగా, భుజంతో అతన్ని గట్టిగా తోశారు. గిన్నె ఊగింది. మరిగే నీళ్లు అతని మణికట్టు మీద పడ్డాయి. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచి, పడవలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. నన్ను మాత్రం వదల్లేదు. సొట్టలో ఆ బొటనవేలి మొదలు జారలేదు. ఒకే ఒక్క గొట్టం తప్పించుకుని తొట్టె గట్టు మీద పడింది. రషీద్ గారు దాన్ని తీసి నోట్లో వేసుకున్నారు.

"వచ్చే వారం ఓడ. ఆ మ్యూజియం సామాను కూడా తెచ్చుకో."

ఇంటికి నడిచి వస్తుంటే కాలిన మణికట్టుకు ఆమె తన కొంగు తడిపి చుట్టింది.

"నిన్న నిన్ను ఊరికే అనీసానే" అన్నాడు ఎల్లాజీ. "అలవాటే. ఈయేళ నా సెయ్యే అలా సేసీసింది."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో ఆమె చంకలో ఉన్న నాకు తెలుసు. నన్ను ఇంకా గట్టిగా అదుముకుంది. "ఊరుకో మావా" అంది, అంతే.

"అయితే ఎందుకరిసినావు? నోరు మూసుకుంటే నానింటికాడే ఉందును."

"ఇంటికాడుండి ఏటుంది? ఉల్లిపాయ తరుగుతా ఈలేసినావు. నువ్వెరగవు. ఆ ఈల ఇంట్లో ఇన్నానా నాను, ఎన్నడైనా?"

ఓడ ఎక్కే రోజు సంచిలో నన్ను సర్దింది ఆమే. చింతపండుతో తోమి, బట్టల మధ్య పెట్టి, మళ్లీ తీసి ఇంకోసారి తుడిచి పెట్టింది. కూడు తినలేదని ఆమె మొహమే చెప్పింది.

ఇప్పుడు ఓడ వంటింట్లో మేకుకు వేలాడుతున్నాను. ఓడతో పాటు అటూ ఇటూ ఊగుతాను. చుట్టూ తళతళలాడే జల్లిగిన్నెలున్నాయి, వాటితో నాకు మాటలు లేవు. వారానికోసారి ఆ సలాడ్ చేస్తారు, మెక్సికోవాళ్లు లొట్టలేసుకు తింటారు. ఎల్లాజీ ఉల్లిపాయలు తరుగుతూ ఈల వేస్తాడు. పాస్తా వార్చాక మాత్రం ఈల ఆపి, గిన్నె చేత్తో పట్టుకునే ఒక్క క్షణం ఆగుతాడు. కిటికీ వైపు తల తిప్పి చెవి ఒగ్గుతాడు. అక్కడ నీళ్లు తప్ప ఎవరూ ఉండరు.

అప్పుడు చన్నీళ్లు పోస్తాడు.