రెండో వరసలో పిళ్ళయార్

కుళందైవేలు నల్లటి తెర మీద 'తొడక్కం' అని కొట్టాడు. ప్రాజెక్టు పేరేమిటి, ఏ ఫ్యాక్టరీది, ఎవరు చూసుకుంటారు అని అది మూడు ప్రశ్నలడిగింది. జవాబులిచ్చి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కన్ను ఆర్పేలోగా నలభై రెండు ఫైళ్ళు వరసగా పుట్టుకొచ్చాయి. పదహారేళ్ళుగా రోజూ చూస్తున్నదే అయినా, చివరి ఫైలు పడేదాకా తెర మీంచి చూపు తిప్పడు.

సన్నటి మనిషి. చొక్కా జేబులో ఒకటే పెన్ను, ముంజేతి మీద మోపెడ్ సైలెన్సరు కాల్చిన మచ్చ. టైపు హయ్యరు పాసై పీళమేడులో పంపుసెట్ల కంపెనీలో చేరాడు. కంప్యూటర్లొచ్చాక, పక్క కుర్రాళ్ళు కొత్త పని ఎత్తుకున్నప్పుడల్లా అవే ఫైళ్ళు మళ్ళీ మళ్ళీ రాయడం చూడలేక, అచ్చుల్లాంటి మూసఫైళ్ళు తయారుచేసి 'తొడక్కం' కట్టాడు. అరవంలో మొదలు అని దానర్థం.

ఆ ఊళ్ళో ఉత్తరమైనా, సరుకుల చీటీ అయినా పైన పిళ్ళయార్ సుళి, అంటే వినాయకుడి పేర ఒక చిన్న మెలిక, చుట్టందే కలం కదలదు. ఇతనూ ప్రతి ఫైలు నెత్తిన ఆ గుర్తు పెట్టాడు. ఒక్కటీ నడవలేదు. మొదటి వరస యంత్రం చదువుకునేదని తెలియడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడు పిళ్ళయార్ కాస్త జరిగి రెండో వరసలో కూర్చున్నాడు.

ఈరోజు కుళందైవేలు రిటైరవుతున్నాడు. పైదేశపు కొనుగోలుదారు ఎవరో ఆ మెలిక ఏమిటని అడిగాడట. సాయంత్రంలోగా అన్నిట్లోంచీ తీసేయమని మేనేజరు యాళినికి చెప్పాడు. టీమ్‌ని నడిపేది ఆ అమ్మాయే.

టీ దగ్గర పక్క సీటు సభాపతి నవ్వాడు. "ఏంటన్నా, నీతో పాటు పిళ్ళయారుకీ రిటైర్‌మెంటేనా?"

"ఆయనకి పింఛనన్నా ఇస్తారేమో అడిగి చూడు," అన్నాడు కుళందైవేలు. అని గ్లాసు కడిగి బోర్లించాడు. ఆ ఫైళ్ళలో తన పేరు ఎక్కడా రాసుకోలేదు. ఉన్నదల్లా ఆ గుర్తే.

బియ్యం, పప్పు కలిపి వండిన అరిసి పరుప్పు సాదం తిని డబ్బా మూస్తుండగా యాళిని వచ్చింది. ఒక ప్రాజెక్టులో గుర్తులు తీసి చూసిందట. తర్వాత ఫ్యాక్టరీ కొత్త పేరు ఫైళ్ళన్నిట్లోకీ పంపమంటే, ఇవి నేను పుట్టించినవి కావు, ముట్టుకోను అని 'తొడక్కం' నలభై రెండుసార్లు మొరాయించిందట.

"ఆ గుర్తుంటేనే తన ఫైలని దానికి తెలిసేది," అన్నాడతను. "గుర్తు లేదంటే మీరెవరో చేత్తో మార్చుకున్నారని లెక్క. మీ కష్టం చెరిపేయకుండా వదిలేస్తుంది."

"ఈ మాట ఎవరికీ చెప్పలేదేంటి సార్?"

"ఎవరూ అడగలా అమ్మణీ. పెట్టింది దేవుడి కోసమే. దానికి పని తర్వాత నేర్పా."

ఆమె నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. అద్దం తలుపు వెనక ఆమె చేతులు తిప్పుతూ చెప్పడం, ఆయన గడ్డం గోక్కోవడం కనిపించాయి. కుళందైవేలు అటు చూడకుండా సొరుగు ఖాళీ చేసుకున్నాడు. దువ్వెన, విభూతి పొట్లం, కళ్ళద్దాల పెట్టె.

ఆమె తిరిగొచ్చి, "ఉంటుంది సార్. మీ పిళ్ళయార్ని కదిలించేదెవరు?" అంది.

అతను తలూపాడు. కళ్ళద్దాలు తీసి, ఏ మరకా లేకపోయినా చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. అయిదున్నరకి ఎప్పట్లానే హాజరు యంత్రం మీద వేలిముద్ర వేశాడు. డబ్బా సంచి మోపెడ్‌కి తగిలించి, గేటు కాపలా మనిషితో వస్తానని చెప్పాడు. ఆ రోజు వెన్ను నిటారుగా పెట్టుకుని బండి నడిపాడు.

మర్నాడు పొద్దున కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడానికి యాళిని అతని కుర్చీలో కూర్చుంది. తెర కింద టేపుతో అంటించిన పాత చీటీ అలాగే ఉంది. పసుపెక్కిన ఆ కాగితం మీద పెన్సిలుతో మూడు ప్రశ్నలు, వాటి పైన, మొదట చుట్టింది చెరిపి కాస్త కిందికి దించి మళ్ళీ చుట్టిన పిళ్ళయార్ సుళి.